ముందు నేల కదిలింది, నిమిషం తర్వాత గాలి కొట్టింది: హోస్కోటె రికార్డింగ్ చూసి చెప్పండి

టెర్రస్_తరంగం (హోస్కోటె, బెంగళూరు) | బుధవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మెట్ల కింద గచ్చు మీద రాస్ప్‌బెర్రీ షేక్ అండ్ బూమ్ పెట్టుకున్నాను. నేల కదలికకు జియోఫోన్, గాలి ఒత్తిడికి ఇన్‌ఫ్రాసౌండ్ సెన్సర్, రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. సెకనుకు 100 శాంపిళ్ళు.

ఇవాళ రెండు సంఘటనలు పడ్డాయి. మధ్యాహ్నం 1:32కి జియోఫోన్‌లో సన్నటి వణుకు. మూడు సెకన్ల తర్వాత అంతకంటే పెద్దగా, నెమ్మదిగా ఊగే అల. అప్పటికి గాలి సెన్సర్‌లో చలనమే లేదు. మొదటి వణుకు నుంచి 62 సెకన్లకు గాలి సెన్సర్ ఒక్కసారిగా పొడిచింది, అదే క్షణంలో జియోఫోన్ కూడా మళ్ళీ కదిలింది.

రెండోది సాయంత్రం 4:50కి. దీనికి ముందు వణుకూ లేదు, ఏమీ లేదు. రెండు సెన్సర్లూ ఒకేసారి ఎగిరాయి, కిటికీ అద్దాలు గలగలలాడాయి. లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో అప్పుడే భూకంపం అని తేల్చేశారు, ఒకాయన రిక్టర్ నంబరు కూడా ఇచ్చేశాడు! స్క్రీన్‌షాట్లు పెడుతున్నాను. మీరేమంటారు?

---

డౌటు_దాసు (మారతహళ్ళి) | రాత్రి 9:52

రిక్టర్ నంబరు ఇచ్చినాయనకి దండం. నాకు సాయంత్రం డబుల్ సౌండ్ వినిపించింది, "ధడ్ ధడ్" అని. మధ్యాహ్నానిది అస్సలు వినబడలేదు.

---

పాత_పికప్ (యలహంక, సొంతూరు హిందూపురం) | రాత్రి 10:15

తమ్ముడూ, మొదటిది చూడగానే తెలిసిపోతుంది. నేల పైపొరలో పేలుడు. 62 సెకన్ల తేడా ఉంటే దూరం కూడా వచ్చేస్తుంది.

మన కింద ఉన్నది ధార్వాడ్ గట్టి రాయి. అందులో పి తరంగం, అంటే అన్నిటికంటే ముందు వచ్చే నేల అల, సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది. గాలిలో శబ్దం 25 డిగ్రీల ఎండలో సెకనుకు 346 మీటర్లు. అంటే ఒక్కో కిలోమీటరుకీ గాలి అల నేల అల కంటే 2.7 సెకన్లు వెనకబడుతుంది. 62ని దాంతో భాగించు, 22–23 కిలోమీటర్లు వస్తుంది. ఎదురుగాలో తోడుగాలో సెకనుకు 5 మీటర్లు ఉంటే ఈ లెక్క ఓ 300 మీటర్లు అటూ ఇటూ అవుతుంది, అంతే.

ఆ మూడు సెకన్ల తర్వాత వచ్చిన లావుపాటి అల రేలీ అల, నేల పైపొర వెంటే పాకేది. 22 కిలోమీటర్లకి పి తరంగం 4 సెకన్లలోపే వచ్చేస్తుంది, రేలీ అలకి 7 సెకన్లు పడుతుంది. నీ మూడు సెకన్లు సరిగ్గా సరిపోయాయి. పైగా మూలం లోతుగా ఉంటే ఇంత దగ్గరలో ఈ అల ఇంత బలంగా పుట్టదు. పది కిలోమీటర్ల లోతులో వచ్చే భూకంపానికి ఈ ఆకారం రాదు. ఇది క్వారీ షాటే.

---

క్వారీ_కుర్రాడు (చిక్కబళ్ళాపురం, సొంతూరు చీమకుర్తి) | రాత్రి 10:41

పికప్ బాబాయ్ చెప్పింది కరెక్ట్. ఇటువైపు కంకర క్వారీల్లో మధ్యాహ్నం భోజనాల టైమ్‌లో షాట్ వేస్తారు, మనుషులంతా బయట ఉంటారు కాబట్టి.

ఒక సంగతి చెప్పాలి. మేము రౌండ్‌లో ఉన్న హోల్స్ అన్నీ ఒకేసారి పేల్చం. నోనెల్ ట్యూబులతో (కరెంటు లేకుండా డిటొనేటర్‌ని పేల్చే గొట్టాలు) హోల్‌కీ హోల్‌కీ మధ్య 17, 25, 42 మిల్లీసెకన్ల డిలే పెడతాం. హోల్ పైభాగంలో డ్రిల్లింగ్ పొడి కూరి స్టెమ్మింగ్ చేస్తాం. స్టెమ్మింగ్ గట్టిగా ఉంటే మందు బలం రాయి మీదికి పోతుంది, చప్పుడు తక్కువ. వదులుగా ఉంటే గ్యాసు పైకి తన్నుకొస్తుంది, ఊరంతా వినబడుతుంది, తర్వాతి రోజు గ్రామస్థులు గేటు దగ్గర.

ఇంకొకటి, బండరాయి పెద్దదిగా మిగిలిపోతే కొందరు దాని పైనే మందు పెట్టి బురద కప్పి పేలుస్తారు. ప్లాస్టర్ షాట్ అంటాం. మందు కొంచెమే, చప్పుడు మాత్రం భయంకరం. నేల మీద కదలిక దాదాపు సున్నా. సాయంత్రానిది అదేనేమో?

(మా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్‌కి ఈ మోటు బ్లాస్టింగ్ పనికిరాదు, బ్లాకు పగిలితే లక్షలు పోయినట్టే. అక్కడ వైర్ సాతో కోస్తారు. ఊరికే చెబుతున్నా.)

---

గాలివాటం (ఆవడి, చెన్నై) | రాత్రి 11:20

ప్లాస్టర్ షాట్ మాట భలే ఎత్తావు తమ్ముడూ. ఈ విషయం మొత్తానికి కీలకం అదే: పేలుడు పదార్థం నేలలో ఎంత లోతున ఉందన్నది. అదే మందు, అదే బరువు. భూమిలో పాతిపెడితే నేల తరంగం, నేల మీద పెడితే గాలి తరంగం. కాబట్టి ఒక్క జియోఫోన్ చూసి పేలుడు ఎంత పెద్దదో చెప్పబోతే బోల్తా పడతాం.

బేరూత్ సంగతే తీసుకోండి. 2020 ఆగస్టు 4 సాయంత్రం, ఓడరేవు గోడౌన్‌లో 2,750 టన్నుల అమోనియం నైట్రేట్. ఊరు సగం ధ్వంసమైంది. అమెరికా జియలాజికల్ సర్వే లెక్కలో దాని తీవ్రత 3.3 మాత్రమే. 3.3 భూకంపం వస్తే మన దగ్గర చాలామంది నిద్ర కూడా లేవరు. తర్వాత చేసిన అంచనాల్లో ఆ పేలుడు శక్తి అర కిలోటన్ను నుంచి కిలోటన్ను పైచిలుకు టీఎన్‌టీ దాకా ఉంది. అంత శక్తినీ గట్టిరాతి లోతుల్లో పేల్చి ఉంటే తీవ్రత 4 దాటి ఉండేది. మిగతాదంతా గాలిలోకి పోయింది. ఆ గాలి అలని జర్మనీలో, ట్యునీషియాలో ఉన్న ఇన్‌ఫ్రాసౌండ్ స్టేషన్లు పట్టుకున్నాయి, రెండువేల కిలోమీటర్లకు పైగా దూరంలో. 20 హెర్ట్జ్ కింది శబ్దం కదా, మన చెవికి అందదు, గాలి దాన్ని అంత తొందరగా మింగెయ్యదు.

బేరూత్ తర్వాత మా మద్రాసులో పడ్డ టెన్షన్ గుర్తుందా? మనలి దగ్గర కంటైనర్ గోడౌన్‌లో దాదాపు 700 టన్నుల అమోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి పడి ఉందని అప్పుడు బయటపడింది. లారీల్లో హైదరాబాద్ తరలించేదాకా ఉత్తర చెన్నై వాళ్ళకి కంటి మీద కునుకు లేదు.

---

డౌటు_దాసు | రాత్రి 11:31

అక్కా, ఒక డౌటు. 22 కిలోమీటర్లలో జరిగింది నాకు వినబడలేదు, రెండువేల కిలోమీటర్ల అవతల మిషన్‌కి ఎలా అందింది? నా ఇల్లు మధ్యలో ఉన్నందుకా?

---

గాలివాటం | రాత్రి 11:58

నవ్వుతూ అడిగావు గానీ, మధ్యలో ఉండటం నిజంగానే ఒక కారణం. శబ్దం నేల వెంబడి తిన్నగా పోదు. నేల దగ్గర గాలి వెచ్చన, పైకి పోయేకొద్దీ చల్లన. వెచ్చని గాలిలో శబ్దం వేగం ఎక్కువ కాబట్టి పగటిపూట అల పైకి వంగిపోతుంది. ఇక 40–50 కిలోమీటర్ల ఎత్తులో ఓజోన్ వల్ల గాలి మళ్ళీ వేడెక్కుతుంది. అక్కడి గాలివాటం కూడా కలిసొస్తే అల కిందికి వంగి, పేలుడుకి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో నేలకి దిగుతుంది. మధ్యలో ఉన్నవాళ్ళకి నిశ్శబ్దం. 1921లో జర్మనీలోని ఒప్పావు ఎరువుల కర్మాగారం పేలినప్పుడు ఇది స్పష్టంగా కనబడింది. దగ్గరివాళ్ళు విన్నారు, తర్వాతి పట్టీలో ఎవరూ వినలేదు, దాని అవతల మ్యూనిక్ వైపు వాళ్ళు మళ్ళీ విన్నారు.

ఆ ఎత్తులో గాలి దిక్కు కాలాన్ని బట్టి తిరుగుతుంది. ఉత్తరార్ధగోళంలో ఎండాకాలం తూర్పు నుంచి పడమరకి, చలికాలం పడమర నుంచి తూర్పుకి. బేరూత్ పేలింది ఆగస్టులో కాబట్టే పడమటి స్టేషన్లకి అంత బాగా అందింది.

దీన్ని పరీక్షించడానికి ఇజ్రాయెల్ వాళ్ళు నెగెవ్ ఎడారిలో సయారిమ్ దగ్గర పెద్ద ప్రయోగమే చేశారు. 2009 ఆగస్టులో 82 టన్నులు నేల మీద కుప్పపోసి పేల్చారు. 2011 జనవరిలో ఒకటి పది టన్నులు, ఒకటి వంద టన్నులు. ముందే చెప్పి, సెకనుతో సహా టైమ్ రాసుకుని, దారి పొడుగునా పలు దేశాల్లో తాత్కాలిక సెన్సర్లు పెట్టుకుని మరీ. ఆగస్టుది మధ్యధరా వెంట పడమరకి అందింది. జనవరిది తూర్పుకి, ఏకంగా మంగోలియా దాకా. ఎంత మందు, ఎక్కడ, ఎప్పుడు అన్నీ తెలిసిన పేలుడు దొరకడం ఈ శాస్త్రంలో పెద్ద వరం. మామూలుగా దొరికేవన్నీ ప్రమాదాలే, వాటికి ఈ మూడింటిలో ఏదో ఒకటి సరిగ్గా తెలియదు.

---

కేఆర్‌పురం_కంపనం (కె.ఆర్.పురం) | గురువారం ఉదయం 7:05

నా దగ్గరా అదే డబ్బా ఉంది. రాత్రి ఇది చదివి ఫైలు తీశాను. సాయంత్రానిది నాకూ పడింది, హోస్కోటె కంటే 27 సెకన్ల ముందు. దగ్గరికి లాగి చూస్తే నిటారుగా పైకి లేచి, ఏటవాలుగా కిందికి జారి, మళ్ళీ నిటారుగా మొదటి చోటికి వచ్చింది. మొత్తం పొడవు 0.12 సెకను. మధ్యాహ్నానిది నా ట్రేసులో మెట్రో, లారీల గోలలో కలిసిపోయింది.

---

పాత_పికప్ | ఉదయం 8:30

ఆ ఒక్క వాక్యంతో సాయంత్రం కేసు సగం తేలిపోయింది. నిటారుగా లేచి, ఏటవాలుగా దిగి, నిటారుగా తిరిగొచ్చేది ఎన్ అక్షరం ఆకారం. ధ్వని కంటే వేగంగా పోయే విమానం ముక్కు దగ్గరొక షాక్, తోక దగ్గరొక షాక్. మారతహళ్ళిలో "ధడ్ ధడ్" అని రెండు వినబడింది అందుకే. ఫైటర్ విమానానికి ఈ పొడవు 0.1 సెకను చుట్టూ ఉంటుంది. నేల మీది పేలుడుకైతే ముందు ఎత్తైన పొడుపు, వెనక అంతకంటే లోతు తక్కువగా, పొడుగ్గా సాగే దిగుడు ఉంటుంది. రెండు భాగాలూ సమానంగా ఉండవు.

2020 మే 20న బెంగళూరు మొత్తం ఉలిక్కిపడింది గుర్తుందిగా? మధ్యాహ్నం ఒంటిగంట ఇరవై దాటాక. వైమానిక దళం టెస్ట్ ఫ్లైట్ అని సాయంత్రానికి రక్షణ శాఖ చెప్పింది. 36–40 వేల అడుగుల ఎత్తులో, ధ్వని వేగం పై నుంచి కిందికి తగ్గే సమయంలో పుట్టిన సోనిక్ బూమ్. ఆ రోజు రాష్ట్ర విపత్తు పర్యవేక్షణ కేంద్రం సీస్మోమీటర్లలో భూకంపం జాడ లేదని ముందే చెప్పేశారు. జనం మాత్రం రాత్రి దాకా రకరకాలుగా అనుకున్నారు.

---

డౌటు_దాసు | ఉదయం 8:44

కె.ఆర్.పురం నుంచి హోస్కోటెకి తిన్నగా కొలిస్తే 13 కిలోమీటర్లు. 27 సెకన్లతో భాగిస్తే సెకనుకి 480 మీటర్లు. ధ్వని వేగం కంటే ఎక్కువ! ఇంకేం, విమానమేనని లెక్కే చెబుతోంది. కేసు క్లోజ్.

---

పాత_పికప్ | ఉదయం 9:10

అంత తొందర వద్దు దాసూ. నేల మీది పేలుడు ఈ రెండు ఊళ్ళనీ కలిపే గీత మీద కాకుండా పక్కన ఎక్కడో ఉంటే, రెండు చోట్లకీ వచ్చే టైమ్ తేడా తగ్గిపోతుంది, వేగం ఉత్తినే ఎక్కువగా కనిపిస్తుంది. సరిగ్గా సమదూరంలో ఉంటే తేడా సున్నా, వేగం అనంతం! రెండు స్టేషన్లతో ఇది తేలదు. మూడు ఉన్నా నేల మీది ఒక బిందువుకి లెక్క కుదర్చవచ్చు. నాలుగోది ఉంటే అప్పుడు అబద్ధం బయటపడుతుంది.

నేను విమానం అనేది ఆకారాన్ని చూసి, రెండు చోట్లా ఒత్తిడి దాదాపు ఒకేలా ఉండటాన్ని చూసి. ప్లాస్టర్ షాట్ అయితే దగ్గరి స్టేషన్‌లో గట్టిగా, దూరపు దాంట్లో నీరసంగా పడాలి. ఆ పదునైన అంచులు కూడా దూరం పోయేకొద్దీ మొద్దుబారాలి.

---

క్వారీ_కుర్రాడు | ఉదయం 9:30

ఒప్పుకున్నా బాబాయ్. క్వారీ వాళ్ళ మీద నింద పడకుండా ఒక్కటి తగ్గింది, సంతోషం.

శివమొగ్గ గుర్తొచ్చింది. 2021 జనవరి 21 రాత్రి హుణసోడు దగ్గర పేలుడు పదార్థాల లోడు పేలింది. ఆ రాత్రి పక్క జిల్లాలో కూడా భూకంపమని ఇళ్ళలోంచి బయటికొచ్చారు. చనిపోయినవాళ్ళంతా కూలిపని చేసుకునేవాళ్ళు, నెల తిరగ్గానే మా చిక్కబళ్ళాపురం హిరేనాగవల్లిలోనూ ఇంకో ఆరుగురు. అలాంటి వాటికి నేల, గాలి రికార్డు రెండూ ఉంటే ఎంత మందు పేలిందో బయటి నుంచి లెక్క కట్టవచ్చా?

---

గాలివాటం | ఉదయం 11:15

కట్టవచ్చు, పరిధి ఇచ్చి చెప్పాలి. ఘనమూలం నియమం అందరూ వాడేది: మందు వెయ్యి రెట్లు పెరిగితే అదే ఒత్తిడి పది రెట్ల దూరంలో కనిపిస్తుంది. అల పొడవు, అంటే అది పట్టే సమయం, కూడా పదింతలు సాగుతుంది. ఒత్తిడి ఎత్తు గాలివాటాన్ని బట్టి మారిపోతుంది, అల పొడవు అంత సులువుగా మోసం చెయ్యదు. అందుకని దూరపు స్టేషన్లలో నేను ముందు పొడవు చూస్తాను. తర్వాత నేల తరంగం చూసి లోతుని సర్దుకోవాలి. ఒక్కటే చూస్తే, పాతిపెట్టిన చిన్న పేలుడుకీ పైన పెట్టిన పెద్ద పేలుడుకీ జియోఫోన్‌లో తేడా తెలియదు. రెండూ పక్కపక్కన పెడితే ఆ రెండు జవాబుల్లో ఒకటి రాలిపోతుంది.

ఫిన్లాండ్‌లో హుక్కకెరో అనే చోట ఏటా ఆగస్టు–సెప్టెంబర్‌లో పాత మిలిటరీ మందుగుండు నాశనం చేస్తారు. ప్రతిసారీ అదే చోటు, ఇంచుమించు 20 టన్నులు. 178 కిలోమీటర్ల అవతల నార్వేలోని స్టేషన్‌లో నేల తరంగం ప్రతిసారీ ఒకేలా పడుతుంది. గాలి తరంగం మాత్రం రోజుకో రకం. నేల రికార్డు ఖచ్చితమైన టైమ్ ఇస్తుంది కాబట్టి, గాలి అల ఎంత ఆలస్యమైందో చూసి పై గాలులనే కొలుస్తున్నారు. పేలుడు గురించి మొదలై వాతావరణ శాస్త్రంలో తేలింది.

---

డౌటు_దాసు | ఉదయం 11:40

అయితే మనమే ఊరవతల ఓ చిన్నది పేల్చి మన డబ్బాలు క్యాలిబ్రేట్ చేసుకుంటే?

---

నిర్వాహకురాలు | ఉదయం 11:43

దాసుగారూ, ఈ వేదికలో ఆ మాట ఇక్కడితో ఆపండి. దీపావళి బాంబులతో కూడా వద్దు. క్యాలిబ్రేషన్‌కి ప్రమాదం లేని మార్గం ఎవరైనా చెప్పండి.

---

పాత_పికప్ | మధ్యాహ్నం 12:20

లిఫ్ట్ చాలమ్మా. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ ఒక్క మీటరు పైకి పోతే గాలి ఒత్తిడి పది పాస్కళ్ళ పైచిలుకు తగ్గుతుంది. చెన్నైలో పదకొండున్నర. క్వారీ షాట్ ఇంత దూరానికి ఇచ్చేది పాస్కల్ అటూ ఇటూ. డబ్బాని చేత్తో పట్టుకుని ఒక్క అడుగు పైకెత్తితేనే అంతకంటే పెద్ద సిగ్నల్ వస్తుంది. ఇంటి తలుపు గట్టిగా వేసినా ఇన్‌ఫ్రాసౌండ్ పుడుతుంది, అందుకే మెట్ల కింద పెట్టినవాళ్ళు ఇంట్లోవాళ్ళ రాకపోకలు నోట్ చేసుకోవాలి.

మా హిందూపురానికి ఓ పాతిక కిలోమీటర్ల లోపే గౌరీబిదనూరు. అక్కడ 1965 నుంచి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్ళ సీస్మిక్ అర్రే, అంటే కలిపి వాడే సెన్సర్ల వరస, ఉంది, బ్రిటిష్ వాళ్ళ సాయంతో మొదలైంది. రెండు చేతులుగా ఎల్ ఆకారంలో 20 సీస్మోమీటర్లు, ఒక్కో చెయ్యి ఇరవై కిలోమీటర్ల పైనే. ప్రపంచంలో ఎక్కడ అణు పరీక్ష జరిగినా పట్టుకోవాలని పెట్టింది. ఆ చోటే ఎందుకంటే రాయి గట్టిది, సముద్రం దూరం, అప్పట్లో జనం తక్కువ. చిన్నప్పుడు బస్సులో పోతూ చూసేవాణ్ణి, పొలాల మధ్య కంచె వేసిన చిన్న గది, దానికో తాళం. లోపల నిధి ఉందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు.

---

గాలివాటం | మధ్యాహ్నం 1:05

సముద్రం దూరం అన్నమాటకి చెన్నై వాళ్ళ తరఫున నిట్టూర్పు. మాకు అలల హోరు నేలలోనూ గాలిలోనూ ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. ఇన్‌ఫ్రాసౌండ్‌లో 0.2 హెర్ట్జ్ దగ్గర, అంటే ఐదు సెకన్లకో ఊపు. తుపాను వస్తే ఆ ఊపు ఉబ్బిపోతుంది, ఇంకేదీ కనబడదు. కింద ఒండ్రు మట్టి, దాని మీద ఎంటీసీ బస్సులు.

అయినా మాకూ ఒక గొప్ప రోజుంది. 2022 జనవరి 15న టోంగా దగ్గర హుంగా అగ్నిపర్వతం పేలింది. పన్నెండువేల కిలోమీటర్ల దూరం. ఆ ఒత్తిడి అల సెకనుకి 315 మీటర్ల చొప్పున వచ్చి, పది గంటలు దాటాక, రాత్రి ఎనిమిదింపావు ప్రాంతంలో చెన్నై బారోమీటర్లలో ఒకటి రెండు హెక్టోపాస్కళ్ళ గెంతు వేసింది. మేడ మీద వెదర్ స్టేషన్ ఉన్న ప్రతి ఒక్కరూ గ్రాఫు పెట్టారు. అంత నెమ్మది మార్పుని మన బూమ్ డబ్బా సరిగ్గా పట్టదు, దానికి మామూలు బారోమీటరే కావాలి. చాలా ఫోన్లలో కూడా ఉంటుంది.

---

టెర్రస్_తరంగం | రాత్రి 8:50

అందరికీ థాంక్స్. లేఅవుట్ గ్రూపులో పెడితే "విమానమైతే కనబడాలిగా" అని ఒక ప్రశ్న వచ్చింది, అక్కడితో ఊరుకున్నాను.

ఇప్పుడు గాలి సెన్సర్ గొట్టాన్ని బయటికి తీసి గాలి గోల తగ్గించాలనుకుంటున్నాను. తోటకి నీళ్ళు పెట్టే చిల్లుల పైపు వాడవచ్చంటారా? కె.ఆర్.పురం, యలహంక, మా ఇల్లు కలిపి అర్రే అనుకోవచ్చా?

---

పాత_పికప్ | రాత్రి 9:25

పైపు బాగా పనిచేస్తుంది. సన్న రంధ్రాలతో నీరు చెమర్చే రకం తీసుకో, పెద్ద చిల్లులది కాదు. నాలుగు ముక్కలు, ఒక్కోటి మూడు నాలుగు మీటర్లు, నాలుగు దిక్కులా పరిచి మధ్యలో కలుపు. గాలి సుడులు చిన్నవి, ఒక్కో చోట ఒక్కో రకంగా కొడతాయి, కాబట్టి కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇన్‌ఫ్రాసౌండ్ అల పొడవు 5 హెర్ట్జ్ దగ్గర కూడా 70 మీటర్లు. పైపు మొత్తానికి అది ఒకేసారి అందుతుంది, అందుకే మిగులుతుంది. ఎండ తగలకుండా మీద కాస్త కంకర పొయ్యి.

మూడు ఇళ్ళనీ అర్రే అనకు. పది పన్నెండు కిలోమీటర్ల ఎడంలో అల ఆకారం మారిపోతుంది, ఒకదాని మీద ఒకటి పెట్టి కూడలేం. దిక్కు కావాలంటే వంద రెండొందల మీటర్ల లోపు మూడు సెన్సర్లు పెట్టాలి, పక్కిళ్ళవాళ్ళని బతిమాలుకో. దూరపు ఇళ్ళ రికార్డులు టైమ్ తేడాలతో చోటు లెక్కగట్టడానికి పనికొస్తాయి. ఇంటర్నెట్ గడియారం చాలు, పదో వంతు సెకను తప్పు వచ్చినా గాలి అలలో అది 35 మీటర్లే. అదే తప్పు నేల అలలో 600 మీటర్లు అవుతుంది, దానికి మాత్రం జీపీఎస్ పెట్టుకో.

---

క్వారీ_కుర్రాడు | రాత్రి 9:48

అన్నా, మా వైపు ఫ్రెండ్స్‌ని అడిగాను. నిన్న ఒంటిగంటన్నర దాటాక ఒక కంకర క్వారీలో రౌండ్ వేశారు. మ్యాప్‌లో కొలిస్తే మీ ఊరికి తిన్నగా 23 కిలోమీటర్లు. ఇకనుంచి మా షాట్ టైములు సెకన్లతో రాసి పంపమంటారా? మందు లెక్క, హోల్స్ లెక్క మాకు ఎలాగూ రిజిస్టర్‌లో ఉంటుంది.

---

గాలివాటం | రాత్రి 10:02

పంపు తమ్ముడూ, ముందు మేనేజర్‌ని అడిగి పంపు. స్టెమ్మింగ్ ఎలా జరిగిందో ఒక్క ముక్క కూడా రాయి. హోస్కోటె, కె.ఆర్.పురం వాళ్ళు స్క్రీన్‌షాట్లు వద్దు, మినీసీడ్ ఫైళ్ళే (డబ్బా రాసుకునే అసలు రికార్డు) పెట్టండి. షాట్‌కి ముందు రెండు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు, ఫిల్టర్ వెయ్యకుండా. ఫైలు పేరులో తేదీ ముందు ఉండాలి.